ట్రైక్ ఒక పక్కకు లాగుతుంటే: రెక్క సవరణలో ముందు ఏది, తర్వాత ఏది

కంట్రోల్ బార్ మీద పట్టు సడలించగానే ట్రైక్ (గుడ్డ రెక్క కింద ఇంజిన్, సీటు వేలాడే చిన్న విమానం) ఎడమకో కుడికో ఒరిగిపోతుంటే చాలామంది నేరుగా రెక్క కొస దగ్గరికి వెళ్తారు. కొస మెలికను మార్చే ప్లగ్‌ని ఒక మెట్టు తిప్పుతారు. లాగుడు తగ్గుతుంది, పని అయిపోయిందనుకుంటారు. అసలు లోపం గుడ్డకు ఆకారమిచ్చే సన్నని గొట్టం, అంటే బ్యాటెన్, వంకరపోవడంలోనో, ఎండకు సాగిన గుడ్డలోనో ఉండి ఉంటే ఆ రెక్కలో ఇప్పుడు ఒకటికి రెండు తేడాలు ఉన్నట్టు. క్రూయిజ్ వేగంలో, అంటే మామూలుగా సాగిపోయే వేగంలో, ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వేగం తగ్గించి రన్‌వే మీదికి వస్తున్నప్పుడు మాత్రం అలా రద్దు కావు. నేలకు దగ్గరగా ఉన్న ఆ క్షణంలో ఒక రెక్క ముందుగా గాలి మీద పట్టు వదిలేస్తుంది, అంటే స్టాల్ అవుతుంది.

అందుకే రెక్కను మొదట తయారీదారు ఇచ్చిన కొలతలకు తిరిగి తేవాలి. అప్పటికీ లాగుడు మిగిలితేనే సవరణ జోలికి వెళ్లాలి. ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వైపు తీరపు గాలిలోనో, కోరాపుట్ జిల్లా జైపూర్ లాంటి ఎత్తయిన చోటనో ట్రైక్‌ని చూసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడి తేమ, ఉప్పు, ఎండ రెక్క రెండు వైపులనూ సమానంగా పాడుచేయవు.

రెక్క ఎలా తిరుగుతుంది

1948లో అమెరికాలో రొగాలో దంపతులు రూపొందించిన మెత్తటి రెక్క నుంచి, 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ దానికి జోడించిన త్రికోణపు కంట్రోల్ ఫ్రేమ్ నుంచి ఈ యంత్రం పుట్టింది. దీనికి తోక లేదు, చుక్కాని లేదు, రెక్కను ఒరిగించే ఎయిలరాన్లు లేవు. పైలట్, ఇంజిన్, సీటు ఉన్న తొట్టి అంతా రెక్క మధ్యలో ముక్కు నుంచి వెనక దాకా సాగే కీల్ గొట్టం కింద ఒకే హ్యాంగ్ బోల్టుకు వేలాడుతుంది. బార్‌ని ఎడమకు నెడితే తొట్టి రెక్క కింద కుడికి జరుగుతుంది, రెక్క కుడికి ఒరుగుతుంది.

బరువు జరగడం ఒక్కటే అయితే ఇంత పెద్ద రెక్క అంత చురుగ్గా ఒరగదు. అసలు సాయం గుడ్డ చేస్తుంది. రెక్క రెండు ముందంచులనూ విప్పి పట్టే అడ్డగొట్టం కీల్‌కి గట్టిగా బిగించి ఉండదు, కొంచెం పక్కలకు తేలుతుంది. తొట్టి కుడికి జరిగితే కీల్ కూడా కుడికి జరుగుతుంది. దాంతో కుడి రెక్క గుడ్డ వదులై వెనకంచు పైకి లేస్తుంది, ఎడమ గుడ్డ బిగుసుకుంటుంది. వదులైన వైపు లిఫ్ట్ (పైకి లేపే బలం) తగ్గుతుంది, ఆ వైపు కిందికి దిగుతుంది. నులక మంచానికి ఒక పక్క నులక వదులైతే పడుకున్నవాళ్లు ఆ పక్కకే దొర్లుతారు. రెక్కలో జరిగేది దాదాపు అదే.

కాబట్టి రెండు వైపుల గుడ్డ బిగువులో శాశ్వతమైన తేడా ఉంటే, పైలట్ ఎప్పుడూ బార్‌ని కొంచెం నెట్టి పట్టుకున్నట్టే ట్రైక్ ఎగురుతుంది. కీల్ దూరే గుడ్డ పాకెట్‌లో ఇసుక చేరినా, అడ్డగొట్టం మధ్య జాయింట్ బిగుసుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది: ఒక వైపు తిరిగి వచ్చాక రెక్క మధ్యకు రావడానికి బద్ధకిస్తుంది. దీనికి మందు కొస తిప్పడం కాదు, పాకెట్ శుభ్రం చేయడం.

ముక్కును లేపే మూడు రక్షణలు

తోక లేని రెక్క డైవ్‌లోంచి (ముక్కు దించి కిందికి దూకడంలోంచి) తనంతట తాను ఎలా బయటపడుతుందో తెలియకుండా ఏ స్క్రూనీ ముట్టుకోకూడదు. మొదటి రక్షణ వాషౌట్. రెక్క మధ్య కంటే కొసలు తక్కువ కోణంలో ఉండేలా మెలితిరిగి ఉంటాయి. రెక్క వెనక్కి వాలి ఉంటుంది కనుక కొసలు బరువు కేంద్రానికి వెనక ఉంటాయి. ముక్కు మరీ కిందికి దిగినప్పుడు గాలి కొసలను కిందికి నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. రెండోది రిఫ్లెక్స్, అంటే మధ్య బ్యాటెన్ల వెనక చివర పైకి వంచి ఉండడం. మూడోది రెక్క పైన నిలబడే కింగ్‌పోస్ట్ అనే గొట్టం తల నుంచి వెనకంచుకు వెళ్లే లఫ్ తీగలు. మామూలు ఎగురుడులో ఇవి కొంచెం వదులుగానే ఉంటాయి. గాలి బరువు తగ్గి గుడ్డ కిందికి జారబోయినప్పుడు వెనకంచును పైకి పట్టి ఉంచుతాయి. కింగ్‌పోస్ట్ లేని రెక్కల్లో ఈ పనిని లోపల ఉన్న కడ్డీలు చేస్తాయి.

ఈ మూడింటిలో ఏది తగ్గినా ట్రైక్ మామూలు వాతావరణంలో బాగానే ఎగురుతుంది, ఇంకొంచెం వేగంగా కూడా పోతుంది. తేడా తెలిసేది గట్టి కుదుపులో ముక్కు బాగా దిగినప్పుడే. అక్కడ ముక్కును లేపే ఈ నిల్వ బలం చాలకపోతే ట్రైక్ తలకిందులై దొర్లుతుంది. అలా దొర్లడం మొదలయ్యాక గొట్టాలు తట్టుకోవు, బయటపడే దారి ఉండదు. లఫ్ తీగలను సొంతంగా పొడిగించడం, రిఫ్లెక్స్‌ని చదును చేయడం ఎంత వేగం వచ్చినా చేయకూడని పనులు.

నేల మీద చూడాల్సింది

ఈ భాగానికి ఎంత సమయం ఇస్తే గాల్లో అంత పని తగ్గుతుంది. రెక్కను ట్రైక్ నుంచి విడదీసి, ముక్కు దగ్గరా కీల్ వెనకా ఆసరా పెట్టి, గాలి లేని షెడ్డులో ఉంచండి. కంట్రోల్ ఫ్రేమ్ అడుగు బార్ మీద రసమట్టం పెట్టి రెండు పక్కలూ సమం చేయండి.

బ్యాటెన్లతో మొదలుపెట్టాలి. తయారీదారు ఇచ్చే నిజ పరిమాణపు నమూనా కాగితాన్ని చదునైన నేల మీద పరిచి, ముందు కొన కలిపి, ఒక్కో బ్యాటెన్‌ని గీత మీద పెట్టి చూడండి. తర్వాత ఎడమ 1ని కుడి 1తో, ఎడమ 2ని కుడి 2తో జత చేసి పోల్చండి. తేడా ఉన్నచోట మోకాలి మీద పెట్టి కొంచెం కొంచెంగా వంచాలి. ఒకేచోట గట్టిగా వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన బ్యాటెన్‌ని సరిచేయడం కంటే మార్చడమే మంచిది. కొస వైపు చివరి బ్యాటెన్లలో కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా గాల్లో తెలుస్తుంది, ఎందుకంటే అవి కీల్‌కి దూరంగా ఉంటాయి కనుక అక్కడి చిన్న తేడా కూడా రెక్కను ఎక్కువగా ఒరిగిస్తుంది.

అక్టోబర్‌లో ఈ తీరంలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు రెక్కలను హడావిడిగా విప్పి చుట్టేయాల్సి వస్తుంది. 2013 ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 తిత్లీ పలాస దగ్గర. అలా విప్పినప్పుడు బ్యాటెన్లు కట్టలుగా కట్టక కలగాపులగమవుతాయి. తిరిగి అమర్చేటప్పుడు ఎడమ 6 కుడి 6లోకి వెళ్లడం, 5, 6 తారుమారు కావడం కొత్త లాగుడుకు చాలా మామూలు కారణాలు. బ్యాటెన్ చివర రంగు టేపు చుట్టి నంబరు రాసి ఉంచితే ఈ బాధ తప్పుతుంది.

బ్యాటెన్ చివర్లను బిగించే తాళ్లు లేదా సాగుతాళ్ల బిగువు చేతికి సమంగా అనిపించినా సమంగా ఉండదు. చేపల బజార్లో వాడే చిన్న స్ప్రింగ్ త్రాసుతో లాగి, రెండు వైపులా ఒకే సంఖ్య వస్తోందో లేదో చూడండి. పాత సాగుతాడును ఒక వైపే మార్చకండి, జతగా మార్చాలి.

తర్వాత టేపు. ముక్కు ప్లేటు నుంచి ఎడమ కొసకు, కుడి కొసకు. కీల్ వెనక చివర నుంచి రెండు కొసలకు. ఈ నాలుగు కొలతల్లో జతలు సరిపోవాలి. సరిపోకపోతే ముందంచు గొట్టం వంగిందేమో, పక్క తీగ సాగిందేమో, తీగ చివరి ఉంగరంలో ఉండే థింబుల్ అనే లోహపు ముక్క ఏదైనా మెలితిరిగి కూర్చుందేమో వెతకాలి. ముందంచు గొట్టాన్ని గుడ్డ మీంచి తడిమితే చిన్న వంపు తెలియదు. అనుమానం ఉంటే గుడ్డ తీసి, గొట్టాన్ని బల్ల మీద దొర్లించి చూడాల్సిందే. వంగిన అల్యూమినియం గొట్టాన్ని చల్లగా తిన్నగా చేసి తిరిగి వాడకూడదు.

చివరగా డిజిటల్ కోణమాపకాన్ని ఒక్కో బ్యాటెన్ మీద ఒకేచోట ఉంచి, ఎడమ కోణం, కుడి కోణం రాసుకోండి. నేల మీద ఉన్న మెలిక గాల్లో ఉండే మెలిక కాదు, గాలి బరువుకి గుడ్డ ఇంకా లేస్తుంది. కనుక సంఖ్య ఎంత అన్నదాని కంటే రెండు వైపుల మధ్య తేడా ముఖ్యం. అర డిగ్రీ మించి తేడా కనిపిస్తే, కారణం దొరికేదాకా ఎగిరి చూడడం అనవసరం.

గుడ్డ వయసు కూడా చూడాలి. పాలిస్టర్ గుడ్డ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బలం కోల్పోతుంది, సాగుతుంది. ట్రైక్‌ని రోజూ ఒకే దిక్కుకు నిలిపితే ఒక రెక్క మీదే ఎండ ఎక్కువ పడుతుంది. కొన్ని సీజన్ల తర్వాత రెక్క ఎడమకు లాగడం మొదలైతే అది సవరణతో పోయే జబ్బు కాదు. సూది, స్ప్రింగ్ గేజ్‌తో చేసే గుడ్డ బలం పరీక్షలో పాస్ కాకపోతే కొత్త గుడ్డే దారి. తీరంలో ఎగిరిన రోజు గొట్టాలనూ తీగలనూ మంచినీళ్లతో కడగండి. తీగ చివర ప్రెస్ చేసిన ఫెర్రూల్ (లోహపు తొడుగు) లోపల ఉప్పు కూర్చుంటే బయటికి కనిపించకుండా తినేస్తుంది. వాడకుండా ఉంచిన గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి, వేగం కొలిచే పీటో గొట్టంలో కూడా. పీటో మూసుకుంటే వేగం తప్పు చూపిస్తుంది, ఆ తప్పు వేగం నమ్మి ట్రిమ్ (చేతులు వదిలినా ట్రైక్ నిలుపుకునే వేగం) మారిస్తే అనర్థమే.

గాల్లో కొలత

సూర్యోదయం తర్వాతి మొదటి గంట మంచి సమయం. తీరంలో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది, కోరాపుట్ కొండల దగ్గర వేడిగాలి బుడగలు లేస్తాయి. ఆ కుదుపుల్లో చిన్న లాగుడుని కొలవలేరు. తెల్లవారుజామున ఇంకో చిక్కు ఉంది: రాత్రంతా బయట ఉన్న రెక్క మీద మంచు చుక్కలు. ముందంచు మీద నీటి చుక్కలుంటే గాలి ముందుగానే విడిపోతుంది, స్టాల్ వేగం పెరుగుతుంది, ట్రిమ్ మారుతుంది. పొడిగుడ్డతో రెండు వైపులా పూర్తిగా తుడిచాకే లేవాలి.

నేల నుంచి కనీసం 300 మీటర్ల ఎత్తు ఉండాలి, స్టాల్ దగ్గరికి వెళ్లి చూడాలంటే 600 మీటర్లు. ఒక్కరే, సీటు మధ్యలో, సంచీ పక్కన వేలాడకుండా కూర్చోండి. ట్రిమ్ వేగంలో స్థిరపడ్డాక బార్ మీద వేళ్లు ఆనించి మాత్రమే ఉంచి, 30 సెకన్లలో దిక్సూచి ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూడండి. తర్వాత గంటకు 15 కిలోమీటర్ల వేగం పెంచి ఒకసారి, ఇంకో 15 పెంచి ఒకసారి. ఇదంతా ఐడిల్‌లో, క్రూయిజ్‌లో, ఫుల్ పవర్‌లో. అంటే మొత్తం 9 అంకెలు. ఐడిల్‌లో ట్రైక్ దిగుతుంటుంది కనుక ఆ మూడింటికీ ఎత్తు ముందే మిగుల్చుకోండి.

ఆ 9 అంకెల పట్టిక లోపం ఎక్కడుందో చెబుతుంది. వేగంతో పాటు లాగుడు పెరుగుతుంటే రెండు రెక్కల ఆకారంలో తేడా ఉంది. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక ఆ తేడా వేగంలోనే ఎక్కువ కనిపిస్తుంది. నెమ్మదిలో ఎక్కువ, వేగంలో తక్కువ అయితే బరువు పక్కకు ఉందేమో చూడాలి; బరువు వల్ల వచ్చే లాగుడు మారదు, గాలి బలం పెరిగేకొద్దీ దాని ముందు చిన్నదవుతుంది. పవర్‌తో దిశ మారుతుంటే రెక్కను వదిలేసి ఇంజిన్ వైపు చూడండి.

ఇంజిన్ విషయంలో చాలామంది పొరపడతారు. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే ఎదురు టార్క్ (తిప్పే బలం) తొట్టిని రెండో వైపు కొద్దిగా ఊపుతుంది. తొట్టి పక్కకు జరిగితే ముందుకు నెట్టే థ్రస్ట్ కీల్‌కి సరిగ్గా కింద నుంచి పోదు, ముక్కును ఒక పక్కకు నెడుతుంది. తయారీదారు దీన్ని క్రూయిజ్ పవర్‌కి సరిపోయేలా సర్దుతాడు. కనుక క్రూయిజ్‌లో తిన్నగా పోతూ, ఐడిల్‌లో కొంచెం ఒక వైపుకీ, ఫుల్ పవర్‌లో కొంచెం రెండో వైపుకీ పోవడం ఆరోగ్యకరమైన రెక్క లక్షణమే. ఐడిల్‌లో తిన్నగా పోవాలని రెక్కను సవరించడం తప్పు. అదే రెక్క కింద 64 హార్స్‌పవర్ రోటాక్స్ 582 తీసి 80 హార్స్‌పవర్ రోటాక్స్ 912 పెడితే టార్క్ మారుతుంది, గేర్‌బాక్స్‌ని బట్టి ప్రొపెల్లర్ దిశ కూడా మారవచ్చు. అప్పుడు 9 అంకెలూ మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి.

కొస సవరణ

ఇంతా చూశాక కూడా క్రూయిజ్‌లో ఎడమకు లాగుతోందనుకుందాం. ఎడమ రెక్క దిగుతోంది, అంటే అక్కడ లిఫ్ట్ తక్కువ లేదా కుడి వైపు ఎక్కువ. రెండు దారులున్నాయి. ఎడమ కొస వెనకంచును కొంచెం కిందికి తెచ్చి వాషౌట్ తగ్గించడం ఒకటి, కుడి కొస వెనకంచును కొంచెం పైకి తిప్పి వాషౌట్ పెంచడం ఇంకొకటి. లాగుడు మీద రెండింటి ఫలితం ఒక్కటే గానీ, రెండూ సమానం కావు. వాషౌట్ తగ్గించిన కొస తక్కువ వేగంలో ముందుగా స్టాల్ అవుతుంది, డైవ్ నుంచి లేపే నిల్వ కూడా కొంత పోతుంది. పెంచిన కొస వల్ల వచ్చే నష్టం డ్రాగ్ (గాలి నిరోధం) కొంచెం పెరగడం, ట్రిమ్ వేగం కొద్దిగా తగ్గడం మాత్రమే. హ్యాండ్‌బుక్ వేరుగా చెప్పనంతవరకు ముందు లేచే రెక్కకు పెంచండి. ఒక్క మెట్టు తిప్పి, ఎగిరి, రాసుకుని, అప్పుడే రెండో మెట్టు. హ్యాండ్‌బుక్ ఇచ్చిన హద్దు చేరినా లాగుడు పోకపోతే ఇంకా తిప్పకండి. నేల మీద ఏదో తప్పిపోయింది, వెనక్కి వెళ్లి మళ్లీ కొలవాలి.

ప్రతి సవరణ తర్వాత స్టాల్ చూడడం మరిచిపోకూడదు. 600 మీటర్ల పైన, పవర్ ఐడిల్‌లో, బార్‌ని నెమ్మదిగా ముందుకు నెడుతూ వెళ్లండి. ముక్కు తిన్నగా దిగితే మంచిది. ఒక రెక్క పడితే క్రూయిజ్‌లో ఎంత తిన్నగా పోతున్నా ఆ సవరణ తీసేయాల్సిందే. ముక్కు ఎత్తి పెట్టి ఫుల్ పవర్‌తో స్టాల్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, దొర్లుడుకు అది దగ్గరి దారి.

ట్రిమ్ వేగం

తొట్టి వేలాడే హ్యాంగ్ పాయింట్‌ని కీల్ మీద ముందుకు జరిపితే ట్రిమ్ వేగం పెరుగుతుంది, వెనక్కి జరిపితే తగ్గుతుంది. మరీ ముందుకు పెడితే దిగేటప్పుడు బార్‌ని ఎంత నెట్టినా ముక్కు చాలినంత లేవదు. మరీ వెనక్కి పెడితే చేతులు వదిలిన వేగమే స్టాల్‌కి ఆనుకుని ఉంటుంది. ఒకసారి ఒక్క రంధ్రమే జరపాలి, అదీ హ్యాండ్‌బుక్‌లో అనుమతించిన రంధ్రాల్లోనే. జరిపిన తర్వాత బ్యాకప్ తీగ లేదా పట్టీ పొడవు సరిపోతోందో లేదో చూడాలి; బిగుతుగా ఉంటే అది తొట్టి కదలికను అడ్డుకుంటుంది. కొన్ని కొత్త రెక్కల్లో ఎగురుతుండగానే లఫ్ తీగలను బిగించే ట్రిమ్మర్ ఉంటుంది. బిగిస్తే వెనకంచు లేచి వేగం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. దాని హద్దులు తయారీదారు పెట్టినవే, స్టాపర్లను ముట్టుకోకండి.

రంధ్రం మార్చే ముందు బరువు లెక్క చూసుకోండి. ట్రిమ్ వేగం మొత్తం బరువు వర్గమూలంతో మారుతుంది. ఒక్కరితో 290 కిలోల దగ్గర 80 కిలోమీటర్ల వేగంలో ట్రిమ్ అయ్యే రెక్క, ఇద్దరితో 390 కిలోల దగ్గర సిద్ధాంతం ప్రకారం దాదాపు 93కి వెళ్తుంది. ఇద్దరితో వేగం ఎక్కువైందని హ్యాంగ్ పాయింట్ వెనక్కి జరిపితే మర్నాడు ఒక్కరే ఎగిరేవారు స్టాల్‌కి దగ్గరగా ఎగురుతారు.

ఎత్తు విషయం కూడా ఇలాంటిదే. జైపూర్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 35 డిగ్రీల ఎండలో గాలి పలుచదనం సుమారు 1,450 నుంచి 1,500 మీటర్ల ఎత్తుతో సమానం. వేగం మీటరు గంటకు 90 కిలోమీటర్లు చూపిస్తుంటే అసలు వేగం 97 దాకా ఉంటుంది. నేల వేగంగా పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది, లేవడానికి, ఆగడానికి ఎక్కువ రన్‌వే పడుతుంది. గోపాల్‌పూర్ తీరంలో సరిగ్గా ఉన్న రెక్క అక్కడ పాడైనట్టు అనిపించడానికి కారణం ఇదే. మీటరు చూపే ట్రిమ్ వేగం మారలేదంటే రెక్క మారలేదు, రంధ్రం మార్చే పనిలేదు.

బిగించాక

తీసిన ప్రతి నైలాక్ నట్ (లోపల నైలాన్ వలయం ఉన్న నట్) బదులు కొత్తది వేయాలి. బోల్టు మరలు నట్ దాటి బయటికి కనిపించాలి. సేఫ్టీ రింగ్, స్ప్లిట్ పిన్ ఉన్నచోట అవి వేసి వేలితో లాగి చూడాలి. హ్యాంగ్ బోల్టు, కొస ప్లగ్, లఫ్ తీగల విషయంలో బిగించినవారు కాక ఇంకొకరు స్వతంత్రంగా చూసి సంతకం చేయాలి. మన దేశంలో ట్రైక్‌కి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నమోదు, అనుమతి అవసరం. హ్యాండ్‌బుక్ హద్దు దాటిన ఏ మార్పూ సవరణ కిందికి రాదు, దానికి వేరే ఆమోదం కావాలి. లాగ్‌బుక్‌లో పాత అమరిక, కొత్త అమరిక, తేదీ, ముందు 9 అంకెలు, తర్వాత 9 అంకెలు, స్టాల్‌లో ముక్కు ఎటు దిగింది, ఎంత బరువుతో ఎగిరారు అన్నీ రాయండి. ఆరు నెలల తర్వాత లాగుడు మళ్లీ మొదలైతే, గుడ్డ సాగిందా, గొట్టం వంగిందా, ఎవరైనా బ్యాటెన్ మార్చారా అన్నది ఆ పేజీ పక్కన పెట్టుకుని కొలిస్తేనే తేలుతుంది.